ఇంటి నెట్‌వర్కు చిరునామాల పట్టిక ఇంటివారి చేతికే ఇవ్వాలి

సంపాదకులకు,

నమస్కారాలు. ఇంట్లో ఇంటర్నెట్ నెమ్మదించినప్పుడు ఏం చేయాలో వివరిస్తూ ఈ మధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. రౌటర్‌ను ఇంటి మధ్యలో పెట్టుకోవాలని, వైఫై పాస్‌వర్డ్ అప్పుడప్పుడు మార్చుకోవాలని అందులో చెప్పిన మాటలు మంచివే. అయితే మా వంటి ఇళ్లలో మనుషులను ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది వేగం కాదు. ఇంట్లోని పరికరాల్లో ఏది ఏ చిరునామాలో ఉందో ఇంటివారికి తెలియడం లేదు, తెలుసుకునే దారి కూడా వారి చేతిలో ఉండడం లేదు. దీనివల్ల మాకు జరిగిన నష్టాన్ని, తర్వాత మేము దిద్దుకున్న తీరును మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మేము చెన్నైలో పెరంబూరులో ఉంటాం. నేను రైల్వేలో లెక్కల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. కింది అంతస్తులో మేము, పైన అద్దెకున్న కుటుంబం, ఇద్దరికీ కలిపి ఒకటే ఇంటర్నెట్ కనెక్షన్. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో నీళ్లు నిలిచిపోయాయి, పోయిన కరెంటు మూడో రోజు సాయంత్రానికి గానీ రాలేదు. పైన అద్దెకున్న అబ్బాయి మోటారు సైకిలు నీళ్లలో మునిగింది. బీమా కోసం పెట్టుకోవలసిన కాగితాలు ప్రింటు తీసి ఇవ్వమని నా దగ్గరకు వచ్చాడు. కంప్యూటర్లో ప్రింటర్ పేరు పక్కన ‘ఆఫ్‌లైన్’ అని ఉంది. ప్రింటర్ మీద మాత్రం పచ్చదీపం ఎప్పటిలాగే వెలుగుతోంది. మర్నాడు పిలిపించిన మెకానిక్, తేమ తగిలి లోపల ఏదో దెబ్బతిని ఉంటుందని చెప్పి, కంప్యూటర్లో ప్రింటర్‌ను తీసేసి మళ్లీ ఎక్కించి, ఆరు వందలు తీసుకుని వెళ్లాడు. పని జరిగింది కనుక నేనూ నమ్మాను. నెలన్నర తర్వాత, మరమ్మతుల కోసం పొద్దుట తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా కరెంటు ఆపిన రోజున, మళ్లీ అదే జరిగింది. ఈసారి వచ్చిన మరొక మెకానిక్ కొత్త ప్రింటర్ కొనుక్కోవడమే మేలన్నాడు.

నెల్లూరులో ఉన్న మా మేనల్లుడికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. ప్రింటర్ మీదున్న చిన్న తెరలో నెట్‌వర్క్ వివరాలు తెరిచి, అక్కడున్న అంకెలు చదవమన్నాడు. 192.168.1.7 అని ఉంది. తర్వాత కంప్యూటర్లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి, పోర్టు అన్న చోట ఏముందో చూడమన్నాడు. అక్కడ 192.168.1.4 అని ఉంది. ‘మామయ్యా, ప్రింటర్‌కు ఏ జబ్బూ లేదు. అది ఇల్లు మారింది, మీ కంప్యూటర్ ఇంకా పాత ఇంటి తలుపే తడుతోంది’ అన్నాడు. గుమ్మం మీద పాత నంబరు, కొత్త నంబరు రెండూ రాసుకునే ఊళ్లో ఇన్నేళ్లుగా ఉంటున్న నాకు ఆ మాట వెంటనే తలకెక్కింది. ఇంతకీ ఆ 4వ నంబరు అప్పటికి మా మనవరాలి ట్యాబ్లెట్‌కు పోయింది. ఆ మెకానిక్ మాట విని ఉంటే, నిక్షేపంగా ఉన్న ప్రింటర్‌ను పాత సామానువాడికి వేసి ఉండేవాళ్లం.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకుంటే భయం సగం పోతుంది. ఇంట్లో నెట్‌వర్కుకు తగిలిన ప్రతి పరికరానికీ ఒక సంఖ్యా చిరునామా కావాలి, దాన్నే ఐపీ చిరునామా అంటారు. దాన్ని ఎవరికి వారు రాసుకునే పని లేకుండా, అడిగిన పరికరానికల్లా రౌటర్ ఒక చిరునామా పంచిపెట్టే పద్ధతిని డీహెచ్‌సీపీ అంటారు. ఇది 1993లో ప్రమాణంగా వెలువడింది, ఇప్పుడు ఇళ్లలో నడుస్తున్న రూపం 1997 నాటిది. కొత్తగా తగిలిన పరికరం ‘నాకు చిరునామా ఇచ్చేవారు ఎవరైనా ఉన్నారా’ అని అందరినీ ఉద్దేశించి కేక వేస్తుంది. రౌటర్ ఒక సంఖ్యను చూపిస్తుంది, పరికరం అదే కావాలంటుంది, రౌటర్ ఖాయం చేస్తుంది. ఇలా ఇచ్చినది సొంతం కాదు, గడువు ఉన్న లీజు మాత్రమే. గడువులో సగం గడిచేసరికి పరికరం దాన్ని పొడిగించుకోవడానికి మళ్లీ అడుగుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా చాలా పరికరాలు తమ పాత సంఖ్యనే కోరతాయి, ఆ సంఖ్య ఖాళీగా ఉంటే రౌటర్ సాధారణంగా అదే ఇస్తుంది. అందువల్లనే ఈ లోపం నెలల తరబడి బయటపడదు. కానీ తక్కువ ధర రౌటర్లలో చాలావాటికి, ఒకసారి ఆగి మళ్లీ మొదలైతే, ఎవరికి ఏది ఇచ్చాయో ఆ జాబితా గుర్తుండదు. అప్పుడు ముందుగా మేలుకున్న ఫోనుకు ఖాళీగా కనబడిన సంఖ్య పోతుంది, వెనుక మేలుకున్న ప్రింటర్ మరొక దానితో సరిపెట్టుకోవలసి వస్తుంది. జనరల్ బోగీలో ముందెక్కినవాడిదే సీటు అన్నట్టే ఇదీ.

ఫోనుకు ఏ సీటు దొరికినా ఒకటే, ఎందుకంటే ఫోనే బయటికి వెళ్లి అన్నిటినీ పలకరిస్తుంది గానీ దాన్ని వెతుక్కుంటూ ఎవరూ రారు. ప్రింటరు, కెమెరాల రికార్డరు, ఫైళ్లు పెట్టుకున్న కంప్యూటరు అలాంటివి కావు. వాటిని మిగతావి వెతుక్కుంటూ వస్తాయి. మా ఇంట్లో దీనివల్ల ప్రింటర్ కంటే పెద్ద నష్టమే జరిగింది. గేటు దగ్గరున్న వైఫై కెమెరాను దాని చిరునామా పట్టుకునే రికార్డరులో నమోదు చేశారు. చిరునామా మారిన రోజు నుంచి పదకొండు రోజుల పాటు గేటు దృశ్యం ఒక్క క్షణం కూడా రికార్డు కాలేదు, ఎవరమూ గమనించలేదు. దేవుడి దయవల్ల ఆ రోజుల్లో వెనక్కి తిప్పి చూసుకోవలసిన అవసరం రాలేదు.

చాలా ఇళ్లలో ఆ 192.168 అన్న అంకెలే ఎందుకుంటాయని మీ పాఠకుల్లో కొందరికైనా సందేహం వచ్చి ఉంటుంది. 1981లో ఖాయమైన ఐపీ పద్ధతిలో మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లు. ప్రపంచంలోని పరికరాలకు అవి చాలవని తెలిసి, లోపలి వాడకానికి మాత్రమే పనికివచ్చే కొన్ని వరుసలను 1996లో వచ్చిన ప్రమాణంలో విడిగా ఖాయం చేశారు. 192.168తో మొదలయ్యే 65,536 చిరునామాలు అందులోవే. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి మిగతావి. చెన్నైలో ఏ పేటకు వెళ్లినా ఒక పిళ్లయార్ కోయిల్ వీధి ఉన్నట్టు, చాలా ఇళ్లలో రౌటర్ 192.168.1.1లోనో 192.168.0.1లోనో కూర్చుని ఉండడానికి కారణం ఇదే. ఆ పేట దాటితే ఆ వీధి పేరుకు విలువ లేదు. కనుక మీ ప్రింటర్ చిరునామా పక్కింటివారికి తెలిసినంత మాత్రాన వచ్చే ప్రమాదం లేదు. దాచుకోవలసింది రౌటర్ పాస్‌వర్డ్‌ను. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ స్థాయి కేంద్ర నిల్వలో మిగిలిన చిరునామాలు కూడా పూర్తిగా పంపకమైపోయాయి. కొత్త ఐపీవీ6 చిరునామాలు మన దేశంలో బాగానే వాడుకలోకి వచ్చినా, ఇంటి లోపల ప్రింటర్లు, కెమెరాలు ఇప్పటికీ ఎక్కువగా పాత పద్ధతి మీదే నడుస్తున్నాయి.

ఇక వెతకడం గురించి చెబుతాను, ఎందుకంటే మెకానిక్‌లు డబ్బు తీసుకుంటున్నది ఈ పనికే. విండోస్ కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ అనే నల్లటి కిటికీ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ (ipconfig) అన్న ఆదేశం ఇస్తే ఆ కంప్యూటర్ సొంత చిరునామా, ‘డిఫాల్ట్ గేట్‌వే’ పేరుతో రౌటర్ చిరునామా కనబడతాయి. సొంత చిరునామా 169.254తో మొదలైతే, చిరునామా ఇచ్చేవారెవరూ పలకక కంప్యూటర్ తనకు తానే ఒకటి తగిలించుకున్నదని అర్థం. అప్పుడు తీగలో గానీ రౌటర్‌లో గానీ లోపం వెతకాలి. అదే కిటికీలో ‘ఏఆర్‌పీ’ అని కొట్టి, కొంచెం ఖాళీ వదిలి, అడ్డగీత, ఇంగ్లీషు ‘a’ అక్షరం కొడితే (arp -a) ఒక పట్టిక వస్తుంది. ఎడమవైపు ఐపీ చిరునామాలు, వాటి ఎదురుగా మ్యాక్ చిరునామాలు (ఇవేమిటో కింద చెబుతాను). ఏ ఐపీ చిరునామా ఏ యంత్రానిదో పోల్చుకునే ఈ పద్ధతి 1982 నాటిది, నేటికీ ప్రతి ఇంట్లోనూ నిమిషనిమిషమూ జరుగుతున్నది. ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఈ పట్టికలో ఆ కంప్యూటర్ ఈ మధ్య పలకరించిన పరికరాలే ఉంటాయి. అందులో లేనంత మాత్రాన పరికరం ఇంట్లో లేదనుకోకూడదు. పూర్తి జాబితా కావాలంటే బ్రౌజర్‌లో రౌటర్ చిరునామా కొడితే వచ్చే రౌటర్ పేజీలోకి వెళ్లి, డీహెచ్‌సీపీ క్లయింట్ జాబితా అన్నది చూడాలి.

మ్యాక్ చిరునామా అంటే తయారీలోనే యంత్రానికి పడే గుర్తు. రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతలు ఉంటాయి, మొదటి మూడు జతలు చూసి తయారీ సంస్థ ఏదో చెప్పవచ్చు. మా ప్రింటర్‌ను వెనక్కి తిప్పి, భూతద్దం పెట్టి, అడుగున అంటించిన చీటీ మీద ఆ పన్నెండు అక్షరాలూ చూసి రాసుకున్నాను. రౌటర్ జాబితాలో సరిగ్గా అవే కనబడినప్పుడు కలిగిన తృప్తి, ఏళ్ల తరబడి లెక్కల పుస్తకాలు సరిచూసినవాడిని కనుక, నాకు బాగా తెలిసినదే. అయితే జాబితాలో ఒక పేరు మమ్మల్ని రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. తయారీ సంస్థ ‘ఎస్‌ప్రెసిఫ్’ అని ఉంది. ఆ పేరుగల వస్తువేదీ ఇంట్లో లేదు కనుక బయటివారెవరో మా వైఫైలోకి చొరబడ్డారనుకున్నాం. ఇంట్లోని వస్తువులను ఒక్కొక్కటిగా ఆపుతూ జాబితా చూస్తూ పోతే, స్నానాల గదిలో గీజరుకు పెట్టిన వైఫై ప్లగ్గును పీకినప్పుడు ఆ పేరు మాయమైంది. ఎస్‌ప్రెసిఫ్ ఆ ప్లగ్గులోని చిప్పును చేసిన చైనా సంస్థ. పెట్టె మీది కంపెనీ పేరు వేరు, జాబితాలో కనబడే పేరు లోపలి చిప్పుది. ఈ సంగతి తెలియక కంగారుపడుతున్న ఇళ్లు ఇంకా ఉంటాయి.

దొరికిన చిరునామాను కదలకుండా చేయడమే అసలు పని. అందుకు రౌటర్‌లో ‘అడ్రస్ రిజర్వేషన్’ అన్న సౌకర్యం ఉంటుంది. ఫలానా మ్యాక్ చిరునామాగల యంత్రానికి ఎప్పుడూ ఫలానా సంఖ్యే ఇవ్వాలని అక్కడ రాసిపెట్టడమే. రైల్వేవాడికి ఇంతకంటే సులువుగా అర్థమయ్యే మాట లేదు: బెర్తు పేరు మీద ఉంటే ఏ స్టేషన్‌లో ఎక్కినా అది మీదే. మా ఇంట్లో చిరునామాలో చివరి సంఖ్యగా ప్రింటర్‌కు 21, రికార్డరుకు 31, గేటు కెమెరాకు 32, పెరటి కెమెరాకు 33 ఇచ్చాం. అడిగినవారికి పంచే వరుసను 100 నుంచి 200 దాకా కుదించాం. కొందరు రౌటర్ జోలికి పోకుండా ప్రింటర్‌లోనే చిరునామా చేత్తో రాసిపెడతారు. ఆ సంఖ్య పంచే వరుసలోదే అయితే, రౌటర్ ఏదో ఒక రోజు దాన్నే మరొక ఫోనుకు ఇస్తుంది, రెండూ ఒకే బెర్తు కోసం కొట్లాడి రెండూ తప్పిపోతుంటాయి. నా అనుభవంలో రిజర్వేషనే మేలు, ఎందుకంటే లెక్క మొత్తం ఒక్కచోట ఉంటుంది.

ఫోన్లకు రిజర్వేషన్ పెట్టే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి, ఫోన్లు తమ అసలు మ్యాక్ చిరునామాను దాచి ఒక్కొక్క వైఫైకి ఒక్కొక్క కల్పిత చిరునామా చూపిస్తున్నాయి. బజారులో మనిషి కదలికలను ఎవరూ పసిగట్టకుండా ఉండడానికి అది అవసరమే. ఫోన్లకు స్థిర చిరునామా అక్కరలేదు కనుక వాటిని అలా వదిలేయడమే మంచిది.

అద్దెకున్నవారు, ఇంటివారు కలిసి ఉండే చెన్నై ఇళ్లలో ఇంకొక చిక్కు ఉంది. పై అంతస్తుకు సిగ్నల్ అందడం లేదని రెండో రౌటర్ తెచ్చి తగిలిస్తారు. అది కూడా తన సొంత చిరునామాలు పంచడం మొదలుపెడుతుంది. పైనున్న ఫోనుకు ఇంటర్నెట్ వస్తుంది గానీ కింది ప్రింటర్ కనబడదు. మా పైవాళ్లకు ఏడాది పాటు ప్రింటర్ అందకపోవడానికి కారణం ఇదేనని చాలా ఆలస్యంగా తెలిసింది. రెండో రౌటర్‌ను ‘యాక్సెస్ పాయింట్’ పద్ధతిలోకి మార్చితే, చిరునామాలు పంచే పని మొదటి రౌటర్ ఒక్కదానికే ఉంటుంది. అతిథుల కోసం విడిగా పెట్టే గెస్ట్ వైఫైలో ఉన్నవారికి ప్రింటర్ కనబడకపోవడం మాత్రం లోపం కాదు, దాన్ని అలా విడదీసే ఉద్దేశంతోనే పెట్టారు.

ఇన్ని పనులు చేయగలిగినా, మొదట ఆరు రోజుల పాటు నేను ఏమీ చేయలేకపోయాను. రౌటర్ అడుగున చీటీ మీద ఉన్న పాస్‌వర్డ్‌తో రౌటర్ పేజీ తెరుచుకోలేదు. కనెక్షన్ ఇచ్చిన రోజునే బిగించిన మనిషి దాన్ని మార్చాడు, మాకు చెప్పలేదు. ఫోన్ చేస్తే ‘అది కస్టమర్లకు ఇవ్వం సార్’ అన్న సమాధానమే మూడుసార్లు వచ్చింది. నెలనెలా డబ్బు కడుతున్నది నేను, పరికరాలు కొన్నది నేను. నా ఇంట్లో ఏ గదిలో ఎవరున్నారో తెలుసుకోవడానికి మాత్రం బయటివారి అనుమతి కావలసి వచ్చింది. వారి పక్షాన ఉన్న న్యాయాన్ని కూడా కాదనను. అనుభవం లేనివారు లైను సెట్టింగులు చెడగొట్టుకుని కంపెనీ మీద ఫిర్యాదు చేస్తారన్న భయం సహజమే. పైగా ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లను అలాగే వదిలేసిన కెమెరాలను, రౌటర్లను లొంగదీసుకునే ‘మిరాయ్’ అనే వైరస్ 2016లో ఎంత నష్టం చేసిందో లోకం చూసింది, కాబట్టి పాస్‌వర్డ్ మార్చడం తప్పు కాదు, మార్చి తీరాలి. మార్చినదాన్ని ఇంటివారికి చెప్పకపోవడమే తప్పు. చాలా రౌటర్లలో కంపెనీకి ఒక ప్రవేశం, వాడుకదారుకు పరిమితమైన మరొక ప్రవేశం విడివిడిగా ఉంటాయి. లైను సంగతులు వారి దగ్గర పెట్టుకుని, ఇంటి లోపలి చిరునామాలు చూసి మార్చుకునే రెండో ప్రవేశాన్ని ఇంటివారికి ఇస్తే ఎవరికీ నష్టం లేదు. ఆరో రోజున ఆ సంస్థవారు మాకు ఇచ్చింది సరిగ్గా అదే.

కాబట్టి కనెక్షన్ బిగించిన రోజునే రౌటర్ చిరునామా, ఇంటివారి ప్రవేశం వివరాలు, పంచే వరుస ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో రాసిన ఒక కాగితం ఇంటివారి చేతిలో పెట్టడాన్ని ఇంటర్నెట్ సంస్థలు తమ పనిలో భాగంగా చేసుకోవాలని కోరుతున్నాను. కెమెరాలు, ప్రింటర్లు బిగించేవారు కూడా తాము ఏ చిరునామా వాడారో ఆ కాగితం మీదే రాసి వెళ్లాలి. కరెంటు మీటరు బిగిస్తే నంబరు రాసి ఇస్తారు, గ్యాస్ కనెక్షన్‌కు పుస్తకం ఇస్తారు. ఇంటి నెట్‌వర్కుకు మాత్రం ఏ పుస్తకమూ ఉండదు. మా ఇంట్లో నేనే ఒకటి తెరిచాను. పొడుగాటి నోటుపుస్తకంలో పరికరం పేరు, అది ఉన్న గది, మ్యాక్ చిరునామా, ఇచ్చిన సంఖ్య, మార్చిన తేదీ అని ఐదు గడులు గీసి పదిహేడు పరికరాలు రాశాను. అందులో మొదటి పేజీ నకలు వంటింట్లో పప్పుడబ్బాల అలమర తలుపు లోపలివైపు అంటించాను. నేను ఊళ్లో లేనప్పుడు మా ఆవిడ దాన్ని చూసే, రికార్డరులో గేటు కెమెరా ఎందుకు ఆగిందో మేనల్లుడికి ఫోన్‌లో చెప్పి సరిచేయించింది. పాస్‌వర్డ్ మాత్రం తలుపు మీద రాయలేదు, అది పుస్తకంలోనే ఉంది.

చెన్నైలో ఈ పనులకు వచ్చేవారు తమిళంలో చెబుతారు, రౌటర్ పేజీ ఇంగ్లీషులో ఉంటుంది. పిల్లలు వేరే ఊళ్లలో ఉండి, పెద్దవాళ్లు ఇద్దరే ఉంటున్న తెలుగు ఇళ్లకు ఈ రెండింటి మధ్య వివరంగా చెప్పేవారు ఉండరు. మీ పత్రిక తలుచుకుంటే ఆ లోటు తీర్చగలదు. రౌటర్ పేజీలో జాబితా ఎక్కడ దొరుకుతుందో, రిజర్వేషన్ ఎలా పెట్టాలో బొమ్మలతో తెలుగులో ఒక వ్యాసం వేసి, దాని పక్కన కత్తిరించి దాచుకునేలా ఐదు గడుల ఖాళీ పట్టికను అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను. గడులు కొంచెం వెడల్పుగా ఉండేలా చూడండి, మ్యాక్ చిరునామా పన్నెండు అక్షరాలూ ఒకే వరుసలో పట్టాలి.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి,
పెరంబూరు, చెన్నై